ఒక మీట, ఏడు సెకన్లు, 63వ కేంద్రం

2019 లోక్‌సభ ఎన్నికల లెక్కింపులో దేశమంతటా 20,687 వీవీప్యాట్ పెట్టెలు తెరిచారు. లోపలి కాగితపు చీటీలను చేత్తో లెక్కపెట్టి, ఈవీఎం చూపిన అంకెతో సరిచూశారు. ఒక్కటి తప్ప అన్నీ సరిపోయాయి. ఆ ఒక్కటీ మన కడప జిల్లా మైదుకూరు నియోజకవర్గంలోని 63వ నంబరు పోలింగ్ కేంద్రానిది. 2024 ఏప్రిల్ 26న ఈవీఎంల మీద సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పులో, ఎన్నికల సంఘం చెప్పిన వివరాల్లో భాగంగా, ఈ కేంద్రం నియోజకవర్గం పేరుతో, నంబరుతో సహా నమోదైంది. కారణం కూడా అక్కడే ఉంది: పోలింగ్ మొదలవకముందు వేసి చూపించే నమూనా ఓట్లను ప్రిసైడింగ్ అధికారి యంత్రంలోంచి తుడిచెయ్యలేదు.

శాతంలో చెబితే ఇది 0.005 కూడా కాదు. అయినా పట్టించుకోవాల్సిన సంగతే. ఈవీఎం అంత తేలిగ్గా వాడగలిగే యంత్రం ఇంకొకటి చూపించడం కష్టం. చదువు అక్కర్లేదు, కళ్లజోడు మరిచిపోయినా పనైపోతుంది, ముందుగా ఎవరూ నేర్పక్కర్లేదు. అయితే ఓటరుకు తగ్గించిన ఆ శ్రమ ఎక్కడికీ మాయమైపోలేదు. ఇంకెవరి నెత్తినో పడింది. ఎవరి నెత్తిన పడిందో, వాళ్లు ఒక్క మెట్టు మరిస్తే ఏమవుతుందో 63వ కేంద్రం చూపించింది.

ముందు ఆ తేలికతనం సంగతి. 1951లో దేశంలో అక్షరాస్యత 18 శాతం చిల్లర. చదవడం రాని కోట్లమంది చేత ఓటు వేయించాలి. అందుకని మొదటి సార్వత్రిక ఎన్నికల్లో అభ్యర్థికో పెట్టె పెట్టి, పెట్టె మీద గుర్తు అంటించారు. కాగితం మీద ఏమీ రాయక్కర్లేదు, ముద్ర కూడా వేయక్కర్లేదు. నచ్చిన గుర్తున్న పెట్టెలో వేసి రావడమే. గుర్తుల ఆలోచన అప్పటిదే. సైకిలో, ఫ్యానో, చెయ్యో చూసి నేటికీ నొక్కుతున్నాం. బ్యాలెట్ యూనిట్ మీద ఉండేవి 16 నీలి మీటలు. పక్కన పేరు, గుర్తు, 2015 నుంచి అభ్యర్థి ఫొటో కూడా. చూపులేని వాళ్లకోసం బ్రెయిలీ అంకెలు. నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది, పొడుగ్గా బీప్ వినిపిస్తుంది. అంతే, ఓటు పడినట్టు. ఈ యంత్రాలు తయారుచేసే సంస్థలు దేశంలో రెండే: బెంగళూరులోని బెల్, హైదరాబాద్‌లోని ఈసీఐఎల్.

ఈ 16 మీటల ఏర్పాటు ఎంతవరకు సాగుతుందో 2019లో నిజామాబాద్ పరీక్షించింది. పసుపు బోర్డు కావాలని, పసుపుకూ ఎర్రజొన్నకూ గిట్టుబాటు ధర కావాలని 178 మంది రైతులు నామినేషన్లు వేసి బరిలో నిలిచారు. పార్టీలవాళ్లతో కలిపి మొత్తం 185 మంది. నోటా కలిస్తే 186 మీటలు. యూనిట్‌కు 16 చొప్పున భాగిస్తే పదకొండున్నర దాటుతుంది కాబట్టి ఒక్కో కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరసగా పేర్చారు. పాత రకం యంత్రానికి నాలుగు యూనిట్లు, అంటే 64 మీటలే తగిలించగలం. కొత్తగా వచ్చిన ఎం3 రకానికి 24 యూనిట్లు, 384 మీటలు. మైదుకూరు, దువ్వూరు వైపు పసుపు రైతులకు ఈ పోటీ వెనకున్న కష్టం వేరే చెప్పక్కర్లేదు. 12 యూనిట్లలో తన మనిషిని వెతుక్కోవలసి వచ్చిన నిజామాబాద్ ఓటరుకు మాత్రం ఆ రోజు యంత్రం తేలికైన వస్తువుగా మిగల్లేదు.

ఇంకో అంకె ఉంది, దాన్ని మన సీమ కళ్లతో చూస్తేనే విలువ తెలుస్తుంది. ఈవీఎం నిమిషానికి నాలుగు ఓట్ల కంటే ఎక్కువ తీసుకోదు. ఒక ఓటు పడ్డాక ప్రిసైడింగ్ అధికారి బల్ల మీదున్న కంట్రోల్ యూనిట్‌లో ‘బ్యాలెట్’ మీట మళ్లీ నొక్కితే తప్ప లోపలి యూనిట్ ఇంకో ఓటుకు తెరుచుకోదు. వెయ్యి మంది ఓటర్లున్న కేంద్రంలో నిమిషానికి నాలుగు చొప్పున వేసినా 250 నిమిషాలు పడుతుంది. మామూలు పోలింగుకు ఇది అడ్డు కాదు. పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఆరు వరకు 660 నిమిషాలున్నాయి. అడ్డల్లా బూతులోకి దూరి ఏజెంట్లను తరిమేసి, బ్యాలెట్ పుస్తకాలు లాక్కుని కట్టలు కట్టలు గుద్ది పెట్టెలో కుక్కేవాళ్లకే. ఆ రోజులు చూసినవాళ్లు మన పల్లెల్లో ఇంకా ఉన్నారు. ఈవీఎం వచ్చాక ఆ పని గంటసేపు చేసినా 240 ఓట్లే పడతాయి. ఈలోగా అధికారి ‘క్లోజ్’ మీట నొక్కేస్తే అవీ ఆగిపోతాయి. వస్తువును తయారుచేసేవాళ్లు సాధారణంగా వేగం కోసం తాపత్రయపడతారు. ఇక్కడ కావాలని పెట్టిన నిదానమే కాపలా కాసింది. ఈ యంత్రం రాయలసీమకు చేసిన మేలు నా దృష్టిలో ఇదే అన్నిటికంటే పెద్దది. దాన్ని తిట్టేవాళ్లు ఈ సంగతి వదిలేసి మాట్లాడటం న్యాయం కాదు.

మరి కాగితంలో ఏముంది? 2021 మార్చిలో మైదుకూరు మున్సిపాలిటీ ఎన్నికలు బ్యాలెట్ పత్రాలతోనే జరిగాయి. 24 వార్డుల్లో తెలుగుదేశం 12, వైఎస్సార్ కాంగ్రెస్ 11, జనసేన 1 గెలిచాయి. పదవి రీత్యా సభ్యులైనవారి (ఎక్స్ అఫీషియో) ఓట్ల బలంతో ఛైర్మన్ పదవి వైఎస్సార్ కాంగ్రెస్‌కు దక్కింది. ఒక్క వార్డు అటూ ఇటూ అయితే పాలకవర్గమే మారిపోయే ఊళ్లో ప్రతి చీటీ మీదా పది కళ్లుంటాయి. బ్యాలెట్ పత్రం మీద వేసే బాణాల ముద్రను చూడండి. కాగితం మడిచినప్పుడు తడి సిరా అవతలి గుర్తు మీద అంటుకుంటుంది. ఆ ముద్ర రూపం అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది కాబట్టి ఏది ఓటరు వేసిందో, ఏది మడతలో అంటిందో లెక్కింపు బల్ల దగ్గర ఏజెంటు ఇట్టే చెప్పగలడు. దాన్ని అతనికి ఏ ఇంజినీరూ వివరించక్కర్లేదు. కాగితం నిదానం, చెల్లని ఓట్లు ఎక్కువ, దొంగ చేతికి చిక్కితే పెట్టె మొత్తం పోతుంది. అయినా తప్పు జరిగితే ఆ తప్పు కంటికి కనబడుతుంది.

యంత్రం ఈ ఒక్క విషయంలోనే వెనకబడింది. ఎర్రదీపం వెలిగిందంటే నేను మీట నొక్కినట్టు. లోపల ఏ పేరు కింద నమోదైందో దీపం చెప్పదు. మొదటి వాడకం నుంచే యంత్రం మీద వివాదం ఉంది. 1982 మే 19న కేరళలోని పరవూరులో 50 కేంద్రాల్లో యంత్రాలు పెట్టారు. 123 ఓట్లతో ఓడిన అభ్యర్థి కోర్టుకెక్కారు. యంత్రంతో ఓటింగ్ జరపడానికి చట్టంలో చోటు లేదని 1984లో సుప్రీంకోర్టు చెప్పడంతో ఆ కేంద్రాల్లో మళ్లీ కాగితంతో పోలింగ్ జరిగింది, ఫలితం తారుమారైంది. చట్టం మార్చి 1989లో యంత్రానికి చోటు ఇచ్చారు. 1998లో 16 అసెంబ్లీ స్థానాల్లో వాడి, 2004కు మొత్తం 543 లోక్‌సభ స్థానాలకూ తెచ్చారు. 2010లో హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్ ఇద్దరు విదేశీ పరిశోధకులతో కలిసి ఒక యంత్రాన్ని విప్పి, చేతికి దొరికితే ఫలితం మార్చవచ్చని చేసి చూపించారు. ఎన్నికల సంఘం ఆ వాదన ఒప్పుకోలేదు. ఆ యంత్రం ఎక్కడినుంచి వచ్చిందన్న కేసులో ఆయన అరెస్టయ్యారు. అంతకు ఏడాది ముందు, 2009 మార్చిలో, జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం తమ దేశంలో వాడిన యంత్రాలను కొట్టేసింది. ఎన్నికలో ముఖ్యమైన ప్రతి మెట్టునూ ప్రత్యేక సాంకేతిక జ్ఞానం లేని మామూలు పౌరుడు సరిచూసుకోగలగాలన్నది ఆ తీర్పు సారం. ఈ కొలతను నేను పూర్తిగా ఒప్పుకుంటాను. యంత్రం మోసం చేసిందని జర్మనీలో ఎవరూ రుజువు చేయలేదు. చేయలేదని పౌరుడు తెలుసుకునే దారి లేకపోవడాన్నే కోర్టు లోపంగా పట్టింది.

మన దగ్గర ఆ లోపానికి వేసిన మందు వీవీప్యాట్. 2013 సెప్టెంబరులో నాగాలాండ్‌లోని నోక్సెన్ ఉప ఎన్నికలో మొదటిసారి పెట్టారు. అదే ఏడాది అక్టోబరు 8న సుప్రీంకోర్టు దాన్ని దశలవారీగా అన్నిచోట్లా పెట్టమంది. 2019 నాటికి ప్రతి కేంద్రానికీ చేరింది. మీట నొక్కగానే పక్క పెట్టె అద్దం వెనక చిన్న దీపం వెలుగుతుంది. అభ్యర్థి వరస సంఖ్య, పేరు, గుర్తు అచ్చయిన చీటీ ఏడు సెకన్లపాటు కనబడి, తెగి పెట్టెలో పడుతుంది. తొలిసారి ఓటేసే పిల్ల అయినా, ఎనభై దాటిన అవ్వ అయినా తాను నొక్కిన గుర్తు కాగితం మీదికి రావడం చూడగలదు. ఓటరుకు పని ఒక్క పిసరు పెరగలేదు, పోలింగ్ కాస్త నిదానించింది, యంత్రం మాట మీద ఆధారపడక్కర్లేని సాక్ష్యం ఒకటి పుట్టింది. ఆ చీటీని తర్వాత ఎవరైనా లెక్కపెడితేనే అది సాక్ష్యం, లేకపోతే పెట్టెలో పడున్న కాగితం.

ఇక పొద్దున అయిదున్నరకు పోలింగ్ కేంద్రంలో జరిగే తంతు. ప్రిసైడింగ్ అధికారి చాలాసార్లు బడిపంతులే. ముందురోజు సామాను తెచ్చుకుని, రాత్రి ఆ బడిలోనే పడుకుని లేచి ఉంటాడు. పోలింగుకు గంటన్నర ముందు ఏజెంట్ల ఎదుట మాక్ పోల్, అంటే నమూనా ఓటింగ్, మొదలుపెట్టాలి. కనీసం 50 ఓట్లు, ప్రతి అభ్యర్థికీ నోటాకూ కనీసం ఒక్కటి చొప్పున. ఎవరెవరికి ఎన్ని వేశారో కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఎన్నికల సిబ్బంది సీఆర్‌సీ అని పిలుచుకునే మూడు మీటలు: క్లోజ్, రిజల్ట్, క్లియర్. రిజల్ట్ నొక్కినప్పుడు వచ్చే అంకెలు రాసుకున్నవాటితో కలవాలి. క్లియర్ నొక్కాక మొత్తం ఓట్లు సున్నా అని తెర మీద ఏజెంట్లకు చూపించాలి. వీవీప్యాట్‌లో పడిన చీటీలు బయటికి తీసి, ఒక్కోదాని వెనక మాక్ పోల్ ముద్ర కొట్టి, నల్ల కవరులో పెట్టి సీలు వేయాలి. ఆ తర్వాత కంట్రోల్ యూనిట్‌కు పచ్చకాగితం సీలు. ఇంతలో ఏడవుతుంది, గేటు దగ్గర క్యూ పెరుగుతుంది, ఏజెంటు ఒకడు ఆలస్యంగా వచ్చి మళ్లీ చూపించమంటాడు. ఓటరు చేసే పని ఒక్క మీట. ఈయన చేసే పని మెట్లు మెట్లుగా పొడుగ్గా సాగుతుంది, అందులో ‘క్లియర్’ ఒక్కటి జారిపోతే చాలు.

63వ కేంద్రంలో జారిపోయింది అదే. పట్టుకోగలిగిన అవకాశాలు ఆ తర్వాత కూడా ఉన్నాయి. పోలింగ్ మొదట్లో సున్నా చూపించమని ఏజెంట్లు అడగవచ్చు. సాయంత్రం ఓటర్లు సంతకాలు, వేలిముద్రలు పెట్టిన 17ఏ రిజిస్టరులోని సంఖ్యకూ యంత్రంలోని మొత్తానికీ తేడా వస్తుంది. ఏజెంట్లకిచ్చే 17సీ ఫారంలో ఆ లెక్క రాయాలి కూడా. మనుషుల మీద ఆధారపడే ఇన్ని కాపలాలు ఉండి కూడా తేడా లెక్కింపు బల్ల దాకా వచ్చింది. దాన్ని చివరికి బయటపెట్టింది కాగితపు చీటీ.

ఈ కథ విన్న ఎవరికైనా తట్టే ఉపాయం ఒకటుంది: యంత్రంలో మాక్ పోల్‌కు వేరే మీట పెట్టేస్తే పోదా? ఆ ఓట్లు వాటంతటవే చెరిగిపోతాయి, పంతులుకు తిప్పలు తప్పుతాయి. ఇంత తేలికైన సవరణ ఎందుకు కూడదో తెలియాలంటే 2015లో ఫోక్స్‌వ్యాగన్ కార్ల వ్యవహారం గుర్తుచేసుకోవాలి. పొగ పరీక్ష జరుగుతోందని కారులోని సాఫ్ట్‌వేర్ కనిపెట్టి అప్పటికి మాత్రం పొగ తగ్గించేది, రోడ్డెక్కాక మామూలే. ప్రపంచమంతటా సుమారు 1.1 కోట్ల కార్లలో అది బయటపడింది. పరీక్ష ఇదని యంత్రానికి తెలిసిపోతే ఆ పరీక్షకు విలువ లేదు. ఈవీఎంకు నమూనా ఓటుకూ అసలు ఓటుకూ తేడా తెలియదు. తెలియకపోవడం వల్లే పొద్దున వేసిన 50 ఓట్లకు సాక్ష్యం విలువ ఉంది. తెలియకపోవడం వల్లే మనిషి మరిస్తే రెండూ కలిసిపోయే ప్రమాదమూ ఉంది. వాడుకలో సుఖం కోసం ఆ ప్రమాదాన్ని తీసేస్తే నమ్మకం పునాది కదిలిపోతుంది. కాబట్టి 63వ కేంద్రంలో జరిగినదాన్ని యంత్రం లోపమనో ఆ ఉద్యోగి నిర్లక్ష్యమనో కొట్టిపారేయలేను. తెలిసి ఎంచుకున్న ఒక మంచి ఏర్పాటుకు మనం అప్పుడప్పుడు చెల్లించే ఖర్చు అది. ఆ ఖర్చు తగ్గాలంటే మూడు మీటలు నొక్కే మనిషికి ఎక్కువ సమయం, పక్కన సున్నాను చదివి సంతకం పెట్టే ఇంకో మనిషి కావాలి.

తర్వాతి ప్రశ్న, ఎన్ని పెట్టెలు లెక్కపెడితే చాలు? 2019కి ముందు అసెంబ్లీ నియోజకవర్గానికి ఒక్కటే. ఆ ఏడాది చంద్రబాబు నాయుడు సహా 21 ప్రతిపక్ష పార్టీల నాయకులు సగం లెక్కపెట్టాలని సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంత లెక్కిస్తే ఫలితం అయిదారు రోజులు ఆలస్యమవుతుందని ఎన్నికల సంఘం చెప్పింది. ఏప్రిల్ 8న కోర్టు ఒకటిని అయిదు చేసింది. మూడు రోజులకే, 11న, ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్. ఆ ఉత్తర్వు రాకపోయి ఉంటే దేశంలో లెక్కించే పెట్టెలు నాలుగు వేల పైచిలుకుతో ఆగేవి. 63వ కేంద్రం వాటిలో ఉండేదో లేదో.

దేశం మొత్తానికి ఎంత నమూనా చాలన్నదాని మీద గణాంక నిపుణుల కమిటీ ఒకటి నివేదిక ఇచ్చింది. 10.35 లక్షల యంత్రాల్లోంచి యాదృచ్ఛికంగా 479 తీసి చూస్తే చాలంది. అందులో మంత్రం లేదు. నూటికి రెండు యంత్రాలు తప్పు అనుకుందాం. ఒకటి తీస్తే అది మంచిదయ్యే అవకాశం 0.98. వరసగా 479 తీసినా అన్నీ మంచివే తగలడానికి 0.98ని అన్నిసార్లు హెచ్చించాలి. వచ్చేది సుమారు 0.00006, అంటే లక్షకు ఆరు. దేశంలో రెండు శాతం తప్పుంటే దొరక్కుండా పోదు. లెక్క నికార్సయినదే.

అది దేశం ప్రశ్నకు జవాబు. మైదుకూరులో ఓటేసినవాడు అడిగేది మా నియోజకవర్గం సంగతి. 250 కేంద్రాలున్న ఒక నియోజకవర్గం ఊహించుకోండి. పది కేంద్రాల్లో ఏదో తేడా ఉందనుకోండి. లాటరీ తీసి ఎంచిన అయిదు పెట్టెల్లో ఆ పదింటిలో ఒక్కటి కూడా తగలకుండా పోయే అవకాశం 81 శాతం. దొరికేది 19 శాతమే. ఇలాంటి తేడా ఇరవై నియోజకవర్గాల్లో ఉంటే ఎక్కడో ఒకచోట బయటపడే అవకాశం 98 శాతానికి పెరుగుతుంది. పెద్ద ఎత్తున జరిగే మోసాన్ని పట్టడానికి అయిదు చాలు. పదుల ఓట్ల తేడాతో తేలే ఒక్క స్థానంలో ఓడినవాడికి మాత్రం అయిదు చాలవు. ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడటం వల్లే ఇరువైపులా వాదన తెగదు.

ఫలితాన్ని నమ్మించాల్సింది ఓడినవాళ్లనే. గెలిచినవాళ్లు ఎలాగూ నమ్ముతారు. మన రాష్ట్రంలో 2019లో సందేహం తెలుగుదేశం నోట వినిపించింది. 2024 జూన్‌లో ఓటమి తర్వాత జగన్మోహన్ రెడ్డి పేపర్ బ్యాలెట్‌కు మళ్లాలన్నారు. నోరు మారింది, సందేహం అక్కడే ఉంది. 2024 తీర్పు రెండు, మూడు స్థానాల్లో నిలిచిన అభ్యర్థులకు ఒక దారి చూపింది: ఫలితం వచ్చిన ఏడు రోజుల్లో అడిగితే నియోజకవర్గంలో 5 శాతం యంత్రాల మైక్రోకంట్రోలర్లు తనిఖీ చేయించుకోవచ్చు, ఖర్చు వాళ్లదే, ట్యాంపరింగ్ తేలితే తిరిగి ఇస్తారు. ఎన్నికల సంఘం ఒక్కో సెట్టుకు జీఎస్టీతో 47,200 రూపాయలు పెట్టింది. ఒంగోలులో బాలినేని శ్రీనివాసరెడ్డి 12 కేంద్రాలకు అడిగి 5.66 లక్షలు కట్టారు. మాక్ పోల్ వేసి చూపిస్తామన్నారు అధికారులు. ఆయన కోరింది పోలింగ్ రోజు పడిన చీటీల లెక్క. విషయం హైకోర్టుకు వెళ్లింది.

ఓటరుకున్న దారి ఇంకా ఇరుకు. చీటీ మీద వేరే గుర్తు వచ్చిందని ఎవరైనా అంటే 49ఎంఏ నియమం కింద రాతపూర్వకంగా ప్రకటన ఇవ్వాలి. తర్వాత అధికారి, ఏజెంట్ల ఎదుట పరీక్ష ఓటు వేయిస్తారు. అందులో తేడా కనబడకపోతే తప్పుడు ప్రకటన కింద ఆరు నెలల దాకా జైలు లేదా జరిమానా పడవచ్చని ముందే హెచ్చరిస్తారు. కూలికి పోకుండా వచ్చి క్యూలో నిలబడ్డ మనిషి ఆ మాట విన్నాక నోరు తెరుస్తాడా? అల్లరి కోసం అబద్ధం చెప్పేవాళ్లను ఆపాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. అడిగేవాడిని ముందే భయపెట్టే ఏర్పాటు పెట్టుకుని, ఫిర్యాదులు రాలేదు కాబట్టి లోపం లేదనడం నాకు మింగుడు పడదు.

చీటీలను యంత్రంతో లెక్కించవచ్చేమో, గుర్తుతోపాటు పార్టీకో బార్‌కోడ్ అచ్చువేయవచ్చేమో పరిశీలించమని 2024 తీర్పు సూచించింది. బార్‌కోడ్ సంగతి ఆలోచించాలి. ఏడు సెకన్లలో ఓటరు చూసేది గుర్తును, యంత్రం చదివేది గీతల్ని. ఆ రెండూ ఒకటేనని మళ్లీ ఎవరి మాటో నమ్మాలి. ఓటరు కన్ను చూసిన గుర్తునే లెక్కింపు బల్ల దగ్గర ఇంకో మనిషి కన్ను చదవాలన్నది నా పట్టుదల. టైము పడుతుందంటారు. 2019లో మన రాష్ట్రం ఏప్రిల్ 11న ఓటేసి మే 23 దాకా 42 రోజులు ఫలితం కోసం కాచుకుంది. 2024లో మే 13 నుంచి జూన్ 4 దాకా 22 రోజులు. ఎన్నికల నిర్వహణ నియమాల్లో 56డి కింద ఏ కేంద్రం చీటీలైనా, అన్ని కేంద్రాలవైనా లెక్కపెట్టమని అభ్యర్థి నేడే అడగవచ్చు. ఒప్పుకోవడం, కాదనడం రిటర్నింగ్ అధికారి ఇష్టం. గెలుపు తేడా పోలైన ఓట్లలో ఒక శాతం లోపు ఉన్నచోట ఆ ఇష్టాన్ని తీసేసి, అడిగినవాళ్లకు హక్కుగా రాయాలి. అలాంటి స్థానాలకు ఒకటి రెండు రోజులు ఎక్కువ పడితే పడనివ్వండి.